మెగ్రే, బ్యోమ్‌కేశ్, అటక మీది యుగంధర్

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం. తెల్లవారుజాము నుంచి ఒకటే కుండపోత. క్వార్టర్ల ముందు మోకాలి లోతు నీళ్లు. క్రికెట్టు లేదు, ట్యూషనూ లేదు. మాలో ఒకరింట్లో నలుగురం చేరాం. నలుగురమూ పదకొండో తరగతి, నలుగురివీ తెలుగు ఇళ్లే. వేడి వేడి పకోడీలు వచ్చాయి. ఏదైనా నవ్వొచ్చేది చూద్దామనుకున్నాం. "ఇదుగో, మిస్టర్ బీన్ సినిమా!" అని ఒకడు ల్యాప్‌టాప్ తెరిచాడు.

తెర మీద ఉన్నది మిస్టర్ బీన్ మొహమే. అదే ముక్కు, అవే కళ్లు. కానీ మనిషి నవ్వడు, మమ్మల్ని నవ్వించడు. తల మీద టోపీ, నోట్లో పైపు. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ ఉంటాడు. ఎవరైనా మాట్లాడితే వింటాడు, విని మళ్లీ ఊరుకుంటాడు. పది నిమిషాలయింది. "ఇతనెప్పుడు జారిపడతాడ్రా?" అని ఒకడు విసుక్కున్నాడు. వెనకాల మంచం మీద పడుకున్న తాతగారు, ఇంగ్లీషు సగమే అర్థమయ్యే తాతగారు, లేచి కూర్చుని అన్నారు: "ఉండండర్రా, ఆయన ఆలోచిస్తున్నాడు. చూడనీండి."

అలా పరిచయమయ్యాడు మాకు కమిషనర్ మెగ్రే. మిస్టర్ బీన్ వేసిన రోవన్ ఆట్కిన్సనే ఆ వేషం కూడా వేశాడు. బ్రిటన్‌లోని ఐటీవీ 2016, 2017లలో నాలుగు మెగ్రే చిత్రాలు ప్రసారం చేసింది. మేం చూసింది వాటిలో మొదటిది. పారిస్‌లోని మోమార్త్ర్ పేటలో వరసగా ఆడవాళ్లు హత్యకు గురవుతుంటారు, హంతకుడి కోసం మెగ్రే వల పన్నుతాడు. కథ చెప్పేయం, మీరూ చూడాలి కదా.

మెగ్రేని సృష్టించిన జార్జ్ సిమెనాన్ అసలు ఫ్రాన్సు వాడే కాదు. బెల్జియంలోని లియేజ్ నగరంలో 1903లో పుట్టాడు. ఫ్రెంచి భాషలో రాశాడు. పారిస్ పోలీసును పారిస్ వాళ్లకంటే బాగా చూపించినవాడు బయటి ఊరి నుంచి వచ్చిన మనిషి! 1931లో మెగ్రే పుస్తకాలు రావడం మొదలై 1972 దాకా వస్తూనే ఉన్నాయి. మొత్తం 75 నవలలు, 28 కథలు. మెగ్రే కూడా పల్లెటూరి వాడే. తండ్రి ఒక జమీందారు ఎస్టేటులో మేనేజరు. కొడుకు డాక్టరీ చదువు మొదలుపెట్టాడు, తండ్రి పోవడంతో మానేసి పోలీసుల్లో చేరాడు. పాడైపోయిన బతుకుల్ని దర్జీ చిరుగులు కుట్టినట్టు బాగుచేసే మనిషొకడు ఉంటే బాగుండునని చిన్నప్పుడు అనుకునేవాడట. ఆయన దగ్గర షెర్లాక్ హోమ్స్ దగ్గరున్నలాంటి భూతద్దం లేదు. బూడిద చూసి ఏ చుట్టో చెప్పడం, బురద చూసి ఏ పేటో చెప్పడం ఆయన పని కాదు. హత్య జరిగిన వీధికి వెళ్తాడు, అక్కడి కాఫీ కొట్లో కూర్చుంటాడు, చనిపోయిన మనిషి తిన్నది తింటాడు, తాగింది తాగుతాడు. ఆ ఇంటి గాలి తన ఒంటికి పట్టేదాకా కూర్చుంటాడు. ఎవరు చేశారన్న ప్రశ్నకంటే, ఆ మనిషి ఆ పని చేసేదాకా ఎందుకు వచ్చాడన్నదే ఆయనకు కావాలి.

ఇలాంటి మనిషిని టీవీలో చూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. పుస్తకంలో అయితే లోపల ఏం అనుకుంటున్నాడో రాయొచ్చు. టీవీలో నిండు మనిషి ఒకడు పైపు పట్టుకుని ఊరికే కూర్చుంటే చూసేవాడు చానెల్ మార్చేస్తాడు. అయినా ప్రపంచంలో ఇన్ని దేశాల టీవీలకు ఎక్కిన డిటెక్టివులు ఎక్కువమంది లేరు. బీబీసీ 1960 నుంచి 1963 దాకా రూపర్ట్ డేవీస్‌తో 52 భాగాలు తీసింది. గోడకు అగ్గిపుల్ల గీసి పైపు వెలిగించుకోవడంతో ఆ సీరియల్ మొదలయ్యేది. ఇటలీలో జీనో చెర్వీ వేశాడు. ఫ్రాన్సులో జాఁ రిషార్ 1967 నుంచి 1990 దాకా, అంటే 23 ఏళ్లపాటు, 88 భాగాల్లో వేశాడు. ఈయనకు సొంత సర్కస్ కూడా ఉండేది! ఆ తర్వాత బ్రూనో క్రెమెర్ 1991 నుంచి 2005 దాకా 54 భాగాలు. మధ్యలో 1992, 93లలో బ్రిటన్‌లో మైకేల్ గాంబన్. హ్యారీ పోటర్ సినిమాల్లో రెండో డంబుల్‌డోర్‌గా మనకు తెలిసిన ఆయనే.

ఇందులో ఎవరు అసలు మెగ్రే? మాలో మాకు పడలేదు. క్రెమెర్ వేసినవి కింద ఇంగ్లీషు అక్షరాలతో కొన్ని చూశాం. ఆయన గదిలోకి వస్తే తలుపు మూసుకున్నట్టే ఉంటుంది, అంత మనిషి. నెమ్మది అంటే అదీ అని మాలో ఇద్దరు. ఆట్కిన్సన్ చిన్న మనిషి, పుస్తకంలో మెగ్రేకి చెప్పిన భుజాలు ఈయనకు లేవు, అయినా కళ్లలో ఆ బాధ ఉందని ఇంకో ఇద్దరు. తాతగారి ఓటు ఆట్కిన్సన్‌కే. "నవ్వించేవాడు నవ్వకుండా కూర్చుంటే వాడి లోపల ఏముందో చూడాలనిపిస్తుంది" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. గాంబన్ మెగ్రే, ఆట్కిన్సన్ మెగ్రే తిరిగిన పారిస్ వీధులు పారిస్‌లోవి కావు. హంగరీలోని బుడాపెస్ట్‌లో తీశారు. మాట్లాడేది ఇంగ్లీషు, ఊరు హంగరీ, మనిషి ఫ్రెంచి, రాసినవాడు బెల్జియం వాడు. అయినా చూస్తున్నంతసేపూ అది పారిస్సే. జపాన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 1978లో మెగ్రేని ఏకంగా టోక్యో పోలీసును చేసేశారు. కిన్యా ఐకావా అనే నటుడు వేశాడు. డిటెక్టివ్ కోనన్ కార్టూన్ చూసేవాళ్లకు అందులో టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ మెగురే గుర్తుండే ఉంటాడు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా!

కథ ఒక భాష నుంచి ఇంకో భాషలోకి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తే చెడిపోతుందని చాలామంది అంటారు. మేం ఒప్పుకోం. మేమే అలా వచ్చినవాళ్లం. మా ముత్తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇక్కడి వర్క్‌షాపుకి పనికి వచ్చారు. ఇంట్లో "అన్నం తిన్నావా?", పక్కింటి మాషీతో "ఖేయేఛో?", గోల్ బజార్‌లో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. ఒక్క రోజులో నాలుగు భాషల్లో నలుగురు మనుషులమా మేము? కాదు కదా. మనిషి అతనే అయితే భాష మారినా అతనే. మాలో ఒకమ్మాయి మాత్రం దీనికి ఒప్పుకోలేదు. "మామ్మతో తెలుగులో పోట్లాడినట్టు ఇంకెవరితోనైనా పోట్లాడగలవా?" అంది. అదీ నిజమే. ఆ సంగతి మళ్లీ చివర్లో వస్తుంది.

దీనికి మన దగ్గర అందరికీ తెలిసిన సాక్ష్యం ఒకటుంది. బ్యోమ్‌కేశ్ బక్షి. శరదిందు బందోపాధ్యాయ 1932లో రాయడం మొదలుపెట్టిన కలకత్తా డిటెక్టివ్. అతనికి డిటెక్టివ్ అనే మాట నచ్చదు, తనను తాను సత్యాన్వేషి అనుకుంటాడు. ఆ మాట తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, కాకపోతే మా బెంగాలీ స్నేహితులు పలికితే మాత్రం గుర్తుపట్టడానికి ఒక నిమిషం పడుతుంది! 1993లో దూరదర్శన్ అతన్ని హిందీలో చూపించింది. 1997లో ఇంకొన్ని భాగాలు వచ్చాయి, మొత్తం 34. తీసింది బాసు ఛటర్జీ. బ్యోమ్‌కేశ్‌గా రజిత్ కపూర్, స్నేహితుడు అజిత్‌గా కె. కె. రైనా, భార్య సత్యవతిగా సుకన్య కులకర్ణి. ముగ్గురిలో ఒక్కరూ బెంగాలీలు కారు! మాట్లాడేది హిందీ. అయినా పక్కింటి మేసోమశాయ్, సత్యజిత్ రాయ్ పేరెత్తితే చేతులు జోడించే మనిషి, ఈ రోజుకీ "బ్యోమ్‌కేశ్ అంటే రజిత్ కపూరే" అంటారు. 1967లో రాయ్ తీసిన చిడియాఖానాలో మహానటుడు ఉత్తమ్ కుమార్ వేసిన బ్యోమ్‌కేశ్‌ని కూడా కాదని!

మా అమ్మానాన్నలు 1993లో మా వయసువాళ్లు. ఆ క్వార్టర్లలో అందరిళ్లలో టీవీ లేదు, ఉన్నవాళ్లింటికి వెళ్లి చూసేవారు. తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, బిహారీలు ఒకే గదిలో నేల మీద. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేసినప్పుడు మేం చిన్నపిల్లలం. బయటకి వెళ్లడానికి లేదు, ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, ఖరగ్‌పూర్‌లో రైలు చప్పుడు బాగా తగ్గిపోయిన రోజులు అవే. ఆ నిశ్శబ్దంలో అమ్మ పక్కన కూర్చుని బ్యోమ్‌కేశ్‌ని చూశాం. ప్రతి భాగంలోనూ హంతకుడెవరో అమ్మకి గుర్తే, చెప్పకుండా నవ్వుతూ కూర్చునేది.

అన్నీ అలా కుదరవు. రాయ్ రాసిన ఫేలూదాని కూడా 1980లలో దూరదర్శన్‌లో హిందీలో చూపించారు, శశి కపూర్‌తో. మంచి నటుడే. కానీ సోనార్ కెల్లాలో సౌమిత్ర ఛటర్జీని చూసిన కళ్లు ఒప్పుకోలేదు. "ఫేలూదా అంత లావేమిటి?" అని మేసోమశాయ్ నలభై ఏళ్లుగా గొణుగుతూనే ఉన్నారు. కాబట్టి భాష దాటడం ఒక్కటే సరిపోదు. ఆ మనిషి పద్ధతి, నడక, ఊపిరి, అవి కూడా దాటాలి.

ఇక ఇప్పటి టీవీ సంగతి. మేం చిన్నప్పటి నుంచి సీఐడీ చూసి పెరిగాం. దయా తలుపులు పగలగొడుతుంటే చప్పట్లు కొట్టాం. అబద్ధమెందుకు, ఇప్పుడు వచ్చినా కొడతాం. తెలుగు సీరియళ్లు మామ్మతో కలిసి చూస్తాం. "నాకంతా తెలిసిపోయింది" అని ఒకరంటే చాలు, గదిలో ఉన్న ఎనిమిది మంది మొహాలూ ఒక్కొక్కటి మూడేసి సార్లు, ఉరుముల శబ్దంతో చూపిస్తారు. ఆ లెక్కన మెగ్రే కథ తీస్తే పైపు వెలిగించేసరికి వారం గడిచిపోతుంది! నవ్వులాటకు అంటున్నాం కానీ, ఈ వేగంగా తేల్చేసే పద్ధతి, చూడగానే వీడే దొంగ అని తెలిసిపోయే పద్ధతి, మాకు తెలియకుండానే మా తలకెక్కింది. ఎలా తెలిసిందంటారా? చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా టీచర్స్ డే కోసం తరగతిలో డబ్బు వసూలు చేశాం. 640 రూపాయలు. ఒక కవర్లో పెట్టాం. ఆటల పీరియడ్ అయి తిరిగి వచ్చేసరికి కవరు లేదు. ఆ పీరియడ్‌లో కాలు నొప్పని ఒక అబ్బాయి తరగతిలోనే ఉండిపోయాడు. వాళ్ల నాన్నగారికి బదిలీ అయి సంవత్సరం మధ్యలో చేరిన పిల్లాడు. మనలాంటి బళ్లలో ఇది మామూలే కదా, ఎవరో ఒకరు వస్తుంటారు, ఎవరో ఒకరు వెళ్తుంటారు. అతనికింకా స్నేహితులు లేరు. తక్కువ మాట్లాడేవాడు. అంతే, మాకు సరిపోయింది. ఎవరమూ అతన్ని దొంగ అనలేదు. కానీ టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు అతని బెంచీ వైపు ఎవరమూ వెళ్లలేదు. అతను వస్తే మాటలు ఆపేశాం. ఎవరో టీవీలోలాగా గుసగుసగా, "వాడి కాలికి నొప్పేం లేదు, నేను చూశాను, బాగానే నడిచాడు" అన్నారు. మేమందరం తలలూపాం.

నాలుగో రోజు కవరు దొరికింది. డబ్బు దాచిన అమ్మాయే, పోతుందేమోనన్న భయంతో దాన్ని తీసి భూగోళం నోటుపుస్తకానికి వేసిన ఖాకీ అట్ట లోపల దూర్చింది. దూర్చి మరిచిపోయింది. పుస్తకం దిద్దడానికి ఇచ్చినప్పుడు జారి పడింది.

మేం ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లాం. ఏం చెప్పాలో తెలియక, "డబ్బు దొరికింది రా" అన్నాం. అతను కోప్పడలేదు. "నన్నెవరూ అడగనే లేదు కదా" అన్నాడు. అంతే. నిజంగానే మేం అడగలేదు. నువ్వు లోపల ఉన్నప్పుడు ఎవరైనా వచ్చారా, ఏమైనా చూశావా, అని ఒక్క మాట అడిగి ఉంటే, "ఆటలకి వెళ్లేముందు ఆ అమ్మాయే కవరు తీసి ఎక్కడో పెట్టుకుంది" అని చెప్పేవాడట. అతను చూశాడు! నాలుగు రోజులు మా మధ్యే సాక్షి కూర్చుని ఉన్నాడు, మేం అతన్ని దొంగను చేసి కూర్చోబెట్టాం. క్షమించమని అడిగాం. పరవాలేదన్నాడు. ఆ వేసవిలో వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది.

మెగ్రేని చూస్తున్నప్పుడు మాకు ఆ అబ్బాయే గుర్తొచ్చాడు. ఎదుటి మనిషి చెప్పేదాకా ఆగడం, చెప్పకపోతే పక్కన కూర్చోవడం, అనుమానం ఉన్నవాడికి కూడా తినడానికేమైనా తెప్పించి పెట్టడం. మెగ్రే ఆఫీసుకి రాత్రిపూట పక్క కొట్టు నుంచి శాండ్‌విచ్‌లు, బీరు తెప్పించడం ఆ కథల్లో మామూలు. విచారణ అంటే అక్కడ అరుపులు కావు, ఒక పెద్దమనిషి ఓపిగ్గా వినడం. (బీరు సంగతి మాస్టారు కొట్టేస్తారేమో చూడాలి.) టీవీ వాళ్లు ఇది తీయగలిగితే అది మెగ్రే. ఇది వదిలేసి టోపీ, పైపు మాత్రమే తీస్తే అది వేషధారణ పోటీ. అందుకే టోక్యోలో తీసినా, బుడాపెస్ట్‌లో తీసినా మాకు అభ్యంతరం లేదు. తొందరపడి తీస్తేనే అభ్యంతరం.

ఇంతకీ తెలుగువాళ్లకు ఇలాంటి వాడు లేడా? ఈ ప్రశ్న ఆ వాన ఆదివారమే వచ్చింది. సినిమా అయిపోయాక తాతగారు, "మా యుగంధర్ కూడా ఇలాగే ఉండేవాడర్రా, నెమ్మదిగా" అన్నారు. యుగంధర్ ఎవరు? వర్క్‌షాపులో ఆయనతో పనిచేసిన మనిషేమో అనుకున్నాం! తాతగారు అటక మీదకి చెయ్యి చూపించారు. రేకు పెట్టె దించాం. పాత పే స్లిప్పులు, ఒక చిరిగిన రైల్వే టైంటేబులు, వాటి కింద అట్టలు ఊడిపోయిన చిన్న చిన్న పుస్తకాలు ముప్పై దాకా.

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు అవి. యుగంధర్, అతని అసిస్టెంటు రాజు. మా తాతల తరంలో తెలుగు చదవడం వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇవి ఉండేవట. మా తాతగారు సెలవుకి ఊరెళ్లి తిరిగి వచ్చేటప్పుడు విజయనగరం స్టేషన్‌లో రెండు కొనేవారు. రాత్రంతా రైల్లో చదివి, ఖరగ్‌పూర్ వచ్చేసరికి ఒకటి పూర్తయ్యేది. రెండోది నైట్ డ్యూటీకి. ఆ తర్వాత అది చేతులు మారుతూ మథురాకాటీ దాకా వెళ్లి, నూనె మరకలతో తిరిగి వచ్చేది. ఒక్కోసారి వచ్చేది కాదు.

తమాషా ఏమిటంటే, తెలుగులో డిటెక్టివ్ నవల నడక నేర్చుకుంది బెంగాల్ చెయ్యి పట్టుకునే. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో బెంగాలీలో పాంచ్‌కడీ దే రాసిన అపరాధ పరిశోధన నవలలు తెలుగులోకి వచ్చాయి, తెలుగువాళ్లు ఎగబడి చదివారు. అంటే మా ముత్తాత రైలెక్కి బెంగాల్ వస్తున్న రోజుల్లోనే, బెంగాలీ డిటెక్టివ్ ఎదురుగా రైలెక్కి ఆంధ్రదేశం వెళ్తున్నాడన్నమాట. ఈ మాట మేసోమశాయ్‌కి చెబితే పొంగిపోయి మాకు సందేశ్‌లు తెప్పించారు.

బ్యోమ్‌కేశ్‌కి బాసు ఛటర్జీ దొరికాడు. మెగ్రేకి అరడజను దేశాలు దొరికాయి. యుగంధర్ మాత్రం మాకు టీవీలో ఎప్పుడూ ఎదురుపడలేదు. తెలుగు సినిమాలో డిటెక్టివులు వచ్చారు, కానీ ఎక్కువగా నవ్వించడానికే. 1986లో జంధ్యాల తీసిన చంటబ్బాయిలో చిరంజీవి డిటెక్టివ్. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల అది. మా ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చు. 2019లో నెల్లూరు కుర్రాడు ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ వచ్చాడు. అందులో నవ్వుతో పాటు అమ్మ పోయిన కొడుకు దుఃఖం కూడా ఉంది, అందుకే మాకు నచ్చింది. ఆ దారిలో వారం వారం వచ్చే ఒక నెమ్మదైన తెలుగు సీరియల్ ఎందుకు రాకూడదు? ఇప్పుడు ఫోనులో చూసే వేదికలు ఇన్ని ఉన్నాయి, డబ్బు పెట్టేవాళ్లున్నారు. పాత మద్రాసు కార్లు, ట్రంకు కాల్ ఫోన్లు, తెల్ల చొక్కాలు, అన్నీ అలాగే ఉంచి తీయండి. ఒక్కొక్క మొహం ఒక్కసారే చూపించండి, చాలు.

ఇందులో మా స్వార్థం కూడా ఉంది, దాచుకోం. ఆ రేకు పెట్టె తెరిచినప్పుడు నలుగురమూ పుస్తకాలు చేతిలోకి తీసుకున్నాం. నలుగురిలో చదవగలిగింది ఒక్కరే. మిగతా ముగ్గురం తెలుగు మాట్లాడతాం, పోట్లాడతాం, కలలు కూడా బహుశా తెలుగులోనే కంటాం. అక్షరాలు మాత్రం రావు. బడిలో హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు నేర్చుకున్నాం. తెలుగు నేర్పడానికి ఇంట్లో ఎవరికీ తీరలేదు, మేమూ అడగలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు మా పేటల్లో మిఠాయిలు పంచారు. మేమూ తిన్నాం. ఆ మిఠాయి పొట్లం మీద తెలుగులో ఏం రాసి ఉందో నాన్నని అడిగి తెలుసుకున్నాం! ఈ వ్యాసం కూడా ముగ్గురు చెబుతుంటే ఒకరు రాసినదే, వత్తులూ దీర్ఘాలూ ఆ ఒకరి అమ్మ దిద్దింది.

యుగంధర్ టీవీలోకి వస్తే అక్షరాలు రాని మా ముగ్గురికీ కూడా అందుతాడు. అది ఒక లాభం. కానీ పుస్తకం అలాగే పెట్టెలో ఉండిపోతుందేమో కదా అని వాదన వచ్చింది. మామ్మతో పోట్లాట గురించి చెప్పిన అమ్మాయే ఇక్కడా అడ్డం తిరిగింది: "టీవీలో వచ్చేస్తే ఇంక చదవడం ఎందుకు అంటారు మీరు, నాకు తెలుసు." మాకు అలా అనిపించలేదు. మెగ్రేని తెర మీద చూశాకే మాలో ఇద్దరు ఇంగ్లీషులో మెగ్రే నవల ఒకటి సంపాదించి చదివారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన లూపిన్ సిరీస్ 2021లో ప్రపంచమంతా చూసింది. అందులో కథానాయకుడు సెనెగల్ నుంచి పారిస్ వచ్చిన ఒక డ్రైవరు కొడుకు. తండ్రి ఇచ్చిన ఒక పాత లూపిన్ పుస్తకమే వాడి బతుకంతా నడిపిస్తుంది. ఆ సిరీస్ వచ్చాక వందేళ్ల నాటి మోరిస్ లెబ్లాఁ పుస్తకాలను జనం మళ్లీ కొన్నారు. తెర మీద చూసినవాడు పుస్తకం దగ్గరికి రాడని ఎవరన్నారు? వచ్చేదాకా పుస్తకం ఉండాలి, చదవడం వచ్చి ఉండాలి. మా గొడవ అదే.

టీవీ వాళ్లు వచ్చేదాకా ఆగలేక మేమే మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రాలు తాతగారు యుగంధర్ చదువుతారు, మేం వింటాం. కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెడతారు. రాజు మాట్లాడితే కుర్రవాడి గొంతు, హంతకుడని అనుమానం ఉన్నవాళ్లందరికీ ఒకటే గొంతు, మాకు తెలిసిపోకుండా. సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆపి, "మిగతాది మీరు చదవండి" అని పుస్తకం మా చేతిలో పెడతారు. ఆ పేజీలో మొదటి వాక్యం చదవడానికి మాకు మొదటి వారం పది నిమిషాలు పట్టింది. పోయిన వారం ఒక పేజీ మొత్తం చదివాం. 'క్ష' దగ్గర ఇంకా తడబడుతున్నాం. 'సాక్షి' అన్న మాట ఈ పుస్తకాల్లో పేజీకి నాలుగు సార్లు వస్తుంది, ఏం చేస్తాం!

ఈ పత్రిక చదివేవాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లు చాలామందే ఉన్నారు. నిమ్‌పురా, మథురాకాటీ, న్యూ సెటిల్‌మెంటు, ఛోటా టెంగ్రా, ఎక్కడైనా సరే, మీ అటకల మీద కూడా ఇలాంటి రేకు పెట్టెలు ఉంటాయి. ఒకసారి దించి చూడండి. యుగంధర్ పుస్తకాలు ఉంటే మాకు చదవడానికి ఇవ్వండి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాం. అట్ట లేకపోయినా, నూనె మరకలున్నా పరవాలేదు. చివరి పేజీలు మాత్రం ఉండాలి. మా దగ్గరున్న ముప్పైలో ఏడింటికి చెదలు సరిగ్గా అక్కడే తిన్నాయి, తాతగారిని అడిగితే హంతకుడి పేరు వారానికొకటి చెబుతున్నారు.